ముప్పయ్యేళ్ల గీత

కదిరి, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట, తలుపుల. ఈ మండలాలు 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. కరువు మాత్రం పాతదే. ఇక్కడి ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి వెళ్తారు. కొందరు అనుమతితో, కొందరు విజిట్ వీసా మీద దొంగదారిన. వాళ్లను మన విమానాశ్రయంలోనే గట్టిగా ఆపాలా, లేక దారి తెరవాలా అన్నది ఇక్కడి ప్రశ్న. వాదిస్తున్న ఇద్దరూ ఆ పల్లెల బాగు కోరేవాళ్లే. ఏజెంట్ల తరఫు మాటకు ఇందులో చోటివ్వలేదు. అది వ్యాపారం, దాన్ని వాదన అనుకోలేను.

అక్క: నా మాట మొదటే చెప్పేస్తా తమ్ముడూ. విజిట్ వీసా చేతిలో పెట్టుకొని ఇంటిపనికి పోయే ఆడమనిషిని బెంగళూరులోనో చెన్నైలోనో విమానం ఎక్కకముందే ఆపాలి. ఆమెను శిక్షించమని కాదు నేననేది. విమానాశ్రయంలో ఆ ఇమిగ్రేషన్ కౌంటరు దాటాక ఆమెకు మన చట్టం అందదు, అక్కడి చట్టం అండగా నిలవదు. రెండు ప్రభుత్వాల లెక్కల్లోనూ ఆమె ఉండదు.

తమ్ముడు: ఆపినాక ఏమవుతుందో కూడా చెప్పక్కా. ఆ కౌంటరు దాకా వచ్చేసరికి ఆమె ఇంట్లో ఇంకేం మిగిలి ఉంటుంది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టింది. మెడలోది కుదువ పెట్టింది. అధికారి పాస్‌పోర్టు తిప్పి చూసి వెనక్కి పొమ్మంటాడు. ఆయన డ్యూటీ అంతటితో సరి. ఆమె బస్సెక్కి కదిరికొస్తే అప్పు వడ్డీతో సహా ఇంటి ముందు కూర్చుని ఉంటుంది. అది తీరాలంటే మళ్లీ ఆ ఏజెంటు దగ్గరికే పోవాలి. ఈసారి వాడు ఇంకా చుట్టుదారి చూపిస్తాడు. ముందు దుబాయ్, అక్కడి నుంచి మస్కట్, ఆ తర్వాత ఏ దేశమో ఆమెకే తెలియదు.

అక్క: అందరూ అప్పు చేసి పోతారనుకోవద్దు. ఇంటిపని ఆడవాళ్ల దగ్గర ఏజెంటు పైసా తీసుకోని సందర్భాలు బోలెడు. పైగా ఎదురు డబ్బిస్తాడు, టికెట్ కొంటాడు. ఊళ్లో వాళ్లకు అది మంచితనంగా కనిపిస్తుంది. ఆ డబ్బు అక్కడి యజమాని దగ్గర ముందే తీసుకున్నాడు. రేపు ఆమె ‘ఈ ఇంట్లో ఉండలేను’ అంటే, ‘నిన్ను ఇంత పోసి కొన్నాను, ఆ డబ్బు కట్టి పో’ అంటారు. అప్పు చేసి పోయిన మనిషికి తన అప్పెంతో తెలుసు. ఇలా పోయిన మనిషికి తన ధరెంతో కూడా తెలియదు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

తమ్ముడు: భయపడాల్సిందే, కాదనను. కానీ ఆ భయాన్ని చట్టంగా రాసిన తీరు చూడు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాసైతే నీ పాస్‌పోర్టు మీద ఏ షరతూ ఉండదు, ఎక్కడికైనా పోవచ్చు. పది పాసు కాకపోతే, కువైట్, సౌదీ, ఒమన్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అది అందరికీ. ఆడవాళ్లకు ఇంకో గీత ఉంది. నర్సులు తప్ప మిగతా ఎవరికైనా ముప్పయ్యేళ్లు నిండాలి. మా ఊళ్లలో పద్దెనిమిదికో పందొమ్మిదికో పెళ్లి, ఇరవై నాలుగుకల్లా ఇద్దరు పిల్లలు. మొగుడు తాగుతాడు, లేకపోతే పోయి ఉంటాడు. ఆమెకు డబ్బు కావాల్సింది ఇరవై అయిదో ఏటనా, ముప్పై ఒకటో ఏటనా?

అక్క: ఇరవై అయిదోదే. అందుకే కదా అందరికంటే ముందు ఆమె మీద కన్నేస్తారు.

తమ్ముడు: మరి ఇరవై రెండేళ్ల ఇంజినీరింగ్ అమ్మాయి అమెరికా పోతే ఎవరూ ఆపరే? అక్కడ మోసాలు లేవా? 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడితే మన తెలుగు పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం పెట్టి వల వేసింది. మొదట పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు, అందులో తెలుగువాళ్లే ఎక్కువ. రోజుల్లోనే ఢిల్లీ అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన లేఖ ఇచ్చింది. ఇవ్వాల్సిందే, మంచి పని చేసింది. అయినా ఆ తర్వాత కూడా ఇంజినీరింగ్ పిల్లలకు వయసు గీత గీద్దామని ఎవరైనా అన్నారా? చదువుకున్న వాళ్లకు జరిగితే మోసం. చదువులేని ఆడదానికి జరిగితే ఆమెనే బయటికి పోనీయకూడదు. ఈ న్యాయం నాకు మింగుడుపడదు.

అక్క: నీ పోలిక సగమే నిలుస్తుంది నాయనా. ఆ పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, చేతిలో ఫోనుంది, అక్కడి తెలుగు సంఘాలు తానా వాళ్లు, ఆటా వాళ్లు లాయర్లను పెట్టారు. కువైట్‌లో మన ఆడమనిషి పనిచేసేది ఒక ఇంటి నాలుగ్గోడల మధ్య. ఫ్యాక్టరీ అయితే పక్కన ఇంకో కూలీ ఉంటాడు. ఇంట్లో ఆమె ఒక్కతే. భాష రాదు, ఫోను యజమానురాలి దగ్గర, పాస్‌పోర్టు వీసా ఇప్పించిన కఫీల్ దగ్గర. రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికి ఆమె తప్ప ఇంకో సాక్షి లేదు. ప్రమాదం అంత తేడాగా ఉన్నప్పుడు చట్టం కూడా తేడాగా ఉండక తప్పదు. వయసు గీత చదువులేని ఆడవాళ్లను తక్కువ చేస్తుందని నువ్వంటావు. ఆ ఇంటి తలుపు వెనక వాళ్లెంత ఒంటరివాళ్లో ఆ గీత గుర్తించిందని నేనంటాను.

తమ్ముడు: గుర్తించి ఏం చేసింది? చట్టంలోని కిటుకు నీకూ తెలుసు. పనికి పోతున్నానంటే అనుమతి కావాలి, చుట్టం చూపుకు పోతున్నానంటే అక్కర్లేదు. అందుకే పనికి పోయే ప్రతి ఆడమనిషికీ ఏజెంటు మొదట నేర్పేది అబద్ధం. అత్త దుబాయ్‌లో ఉంది, చూసి వారంలో వస్తానని చెప్పు అంటాడు. నువ్వంటున్న ఆ కౌంటరు దగ్గరే డబ్బు చేతులు మారి మనిషి దాటిపోవడానికి ఏజెంట్ల భాషలో ‘పుషింగ్’ అని పేరు కూడా ఉంది. గీత గీసినాక కూడా ఆమె పోయింది, అక్కా. కాకపోతే దొంగలా పోయింది.

అక్క: తాళం పగలగొట్టే వాడున్నాడని తలుపు తీసి పెట్టమంటావా?

తమ్ముడు: తలుపు ఎవరి ఇంటిది అని అడుగుతున్నా. దేశం విడిచి పోవడం మనిషి హక్కని 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. ఆ హక్కును తీసెయ్యాలంటే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలంది. పాస్‌పోర్టు పోతుందని ఢిల్లీలో పెద్దవాళ్లు కోర్టుకెక్కి తెచ్చిన హక్కు తనకల్లు ఆడమనిషి దాకా రాలేదు. కువైట్ తన సరిహద్దు కాపలా కాసుకుంటుంది, అది వాళ్ల దేశం. మన మనిషి బయటికి పోకుండా మనమే కాపలా కాయడం వేరే సంగతి. లోపలికి రావద్దనడానికి ప్రతి దేశానికీ అధికారం ఉంది. బయటికి పోవద్దనే అధికారం అంత తేలిగ్గా ఉండకూడదు.

అక్క: ఇది నీ వాదనలో బలమైన చోటు, ఒప్పుకుంటా. హక్కు గురించి నీతో గొడవ లేదు. కానీ హక్కు వాడుకున్న మనిషి మళ్లీ ఇంటికి చేరాలి కదా. చేరకపోతే ఏమవుతుందో విను. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల బీమా. పనికి అనుమతి తీసుకొని పోయేవాళ్లకు అది తప్పనిసరి. విజిట్ వీసా మీద పోయిన ఆమెకు అది లేదు. ఆమె పనిమనిషిగా పోయినట్టు మన దగ్గర కాగితమే లేదు. యజమాని పేరు, ఇంటి చిరునామా, జీతం ఎక్కడా నమోదు కాలేదు. అక్కడ చనిపోతే శవం రావడానికి నెలలు పట్టొచ్చు. అది ఎవరి బాధ్యతో తేలేలోపు ఇక్కడ పిల్లలు తల్లి ముఖం చూడకుండా దినాలు చేసేస్తారు. పెట్టెలో వచ్చిన మనిషిని చూసినాక, హక్కు అనే మాట నా నోటికి అంత తొందరగా రాదు తమ్ముడూ. కాగితం ఉన్నంత మాత్రాన ఆమె బతుకుతుందని చెప్పను. కాగితం ఉంటే ఆమె ఒకతి ఉందని రుజువుంటుంది. ఎంబసీ ఏ ఇంటి తలుపు తట్టాలో తెలుస్తుంది.

తమ్ముడు: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. కాగితం లేకుండా పొమ్మని నేను ఎవరికీ చెప్పను, చెప్పలేదు కూడా. కాగితం ఇవ్వండి అంటున్నా. కాగితం ఇవ్వనిది మనమే, కాగితం లేకుండా పోతోందని ఆపేదీ మనమే.

అక్క: ఇస్తున్నారు కదా. 2016 ఆగస్టు నుంచి ఇంటిపని ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. మనకు ఓమ్‌క్యాప్ ఉంది, తెలంగాణకు టామ్‌కామ్, కేరళకు నోర్కా. దారి లేదని ఎట్లంటావు?

తమ్ముడు: ఉంది, కాగితం మీద. తలుపుల మండలంలో ఒక ఆడమనిషిని ఆపి ఓమ్‌క్యాప్ ఎక్కడుందో అడుగు. ఏజెంటు ఇల్లెక్కడో అడుగు. మొదటి దానికి నీ ముఖం చూస్తుంది, రెండో దానికి నడిపించుకొని పోతుంది. ఏజెంటంటే ఆమె చిన్నాయన కొడుకు, లేకపోతే అదే ఇంటి నుంచి కువైట్ పోయొచ్చిన వదిన. ప్రభుత్వ దారిలో దరఖాస్తు, శిక్షణ, పరీక్షలు, ఒప్పంద పత్రం, ఎదురుచూపు. ఏజెంటు దారిలో పది రోజులు. కువైట్ యజమానికి కూడా అంతే. 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టమని మనం షరతు పెడితే, ఆ ఇళ్లవాళ్లు మన దారిని వదిలేసి శ్రీలంక, ఫిలిప్పీన్స్ వైపు చూశారు, లేదా మనవాళ్లనే దొంగదారిన తెప్పించుకున్నారు. చివరికి 2017లో కువైట్ మటుకు ఆ షరతు ఎత్తేశాం. రక్షణ కోసం పెట్టిన ప్రతి మెట్టూ చట్టబద్ధమైన దారిని ఇంకొంచెం ఎత్తు చేస్తుంది. పక్కనున్న దొంగదారి అంతే చదునుగా ఉంటుంది.

అక్క: అయితే మెట్లన్నీ తీసేద్దామా? ఫిలిప్పీన్స్ ఏం చేసింది చూడు. వాళ్ల పనిమనిషి శవం కువైట్‌లో ఫ్రీజర్‌లో దొరికితే 2018 ఫిబ్రవరిలో మొత్తం మనుషుల్నే పంపడం ఆపేసింది. మూడు నెలల్లో కువైట్ దిగొచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టింది. పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదు, ఫోను ఆమె దగ్గర ఉండాలి అని రాసుకున్నారు. ఆపే ధైర్యం ఉన్న దేశానికే బేరమాడే గొంతుంటుంది. మనం ఆపకుండా ఏం అడుగుతాం?

తమ్ముడు: ఆ కథ అక్కడితో ఆగలేదు. 2023 జనవరిలో ఇంకో ఫిలిప్పీన్స్ పనిమనిషిని చంపి ఎడారిలో పడేశారు. మళ్లీ మనిలా కొత్తవాళ్లను ఆపింది. ఈసారి కువైట్ తలవంచలేదు, మే నెలలో ఫిలిప్పీన్స్ వాళ్లకు కొత్త వీసాలే నిలిపేసింది. 2024 జూన్ దాకా తీయలేదు. బేరం రెండు వైపులా నడుస్తుంది, అక్కా. నడిచినన్నాళ్లూ ఇంట్లో కూర్చున్నది ఆ పేద ఆడవాళ్లే. నేపాల్ సంగతి ఇంకా దగ్గరిది. 2012లో సరిగ్గా మన లాగే ముప్పయ్యేళ్ల లోపు ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటిపనికి పోకూడదంది. వాళ్లు కాఠ్మాండూ వదిలేసి మన ఢిల్లీ, ముంబై మీదుగా పోయారు. ఆపితే ఆగలేదనీ, దొంగదారి పెరిగిందనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ తేల్చి చెప్పింది.

అక్క: సరే, ఇక్కడ నీకే ఎక్కువ సాక్ష్యం ఉంది. కానీ ఇంకో వైపు నుంచి కూడా చూడు. కువైట్ జనాభా సుమారు యాభై లక్షలు. అందులో కువైటీలు మూడో వంతు కూడా లేరు. మన భారతీయులే పది లక్షలకు అటూ ఇటూ. సొంత ఊళ్లో తామే తక్కువైన వాళ్లు, ‘ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎప్పుడు పోతారు’ అని అడిగితే తప్పా? బెంగళూరులో కాగితాలు లేని బంగ్లాదేశ్ వాళ్లను పట్టుకొని పంపించాలని మన వాళ్లే టీవీల ముందు అరుస్తారు. మన మనిషి కువైట్‌లో అదే స్థితిలో ఉంటే మాత్రం క్షమాభిక్ష అడుగుతారు. ఇద్దరికీ ఒకే కొలత ఉండాలి కదా?

తమ్ముడు: ఉండాలి. నేను ఇద్దరి విషయంలోనూ ఒకటే అంటా. సరిహద్దు ఉండాలి, నియమం ఉండాలి, కానీ నియమం తప్పడం ఎవరి వల్ల జరిగిందో ముందు చూడాలి. కువైట్‌లో కాగితాలు లేనివాళ్లంతా దొంగతనంగా దూరినవాళ్లు కాదు. ఇంటిపనికిచ్చే సరైన ఖాదిమ్ వీసా మీదే, అక్కడి లెక్కలో ఆర్టికల్ 20 మీదే దిగినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ఇంట్లో జీతం ఇవ్వలేదు, లేదా కొట్టారు. ఒక రాత్రి ఆమె బయటికి పరుగెత్తింది. మర్నాడు కఫీల్ పోలీసు స్టేషన్‌కు పోయి పరారీ కేసు పెట్టాడు. ఆ క్షణం నుంచి ఆమె చట్టవిరుద్ధం. ఆమె దాటిన సరిహద్దు దేశానిది కాదు, ఆ ఇంటి గుమ్మం. ఇంకోడు ఉంటాడు, వీసా ఇప్పించి ఇంట్లో పని ఇవ్వడు, బయట ఎక్కడైనా చేసుకో, ఏడాదికింత నాకు కట్టు అంటాడు. ఆజాద్ వీసా అని మన వాళ్లు సంతోషంగా తీసుకుంటారు. తనిఖీలో పట్టుబడితే తర్హీల్‌కు, అంటే దేశం నుంచి పంపేసే నిర్బంధ కేంద్రానికి, పోయేది ఆమె. వాడు ఇంకో వీసా అమ్ముకుంటాడు. 2024లో కువైట్ తెచ్చిన కొత్త విదేశీయుల నివాస చట్టంలో వీసాలమ్మే వాళ్లకు జైలు శిక్ష పెంచారు. ఆ చట్టం వాళ్ల వాళ్ల మీద కూడా అంతే గట్టిగా నడిస్తే నేను చప్పట్లు కొడతా.

అక్క: గుమ్మం దాటితే నేరమన్నది అన్యాయమే. దాన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు. 2015లో వాళ్లు ఇంటిపని వాళ్లకు 68వ నంబరు చట్టం తెచ్చారు. వారానికో సెలవు, పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు ఉంచుకోకూడదు అన్నారు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లన్నారు. 2021 జూన్‌లో మన ప్రభుత్వం కువైట్‌తో ఇంటిపని వాళ్ల మీదే ఒప్పందం రాసుకుంది. ఇవన్నీ కాగితం ఉన్న మనిషికే పనికొస్తాయి. ఆ చట్టం పేరు చెప్పి నిలబడాలంటే ఆమె సరైన వీసా మీద ఉండాలి. ఎన్నిసార్లు తిరిగినా నేను అక్కడికే వస్తా.

తమ్ముడు: 60 దినార్లంటే, 2024లో దినారుకు సుమారు 270 రూపాయల లెక్కన పదహారు వేల పైచిలుకు. మన ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఈ నేల మీద ఆడవాళ్లకు ఇంత మంచి పని ఇంకోటి జరగలేదని నేననుకుంటా. అయినా లెక్క చూడు. 2024-25లో మన రాష్ట్రంలో దాని కూలి రోజుకు 300. నూరు రోజులూ దొరికితే ఏడాదికి ముప్పై వేలు. కువైట్‌లో కనీస జీతమైనా రెండు నెలల్లో దాన్ని దాటుతుంది. వానంటావా, ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ రావాల్సినప్పుడు రాదు. కదిరి పరిశోధన కేంద్రం కదిరి-6 అనీ లేపాక్షి అనీ ఎన్ని శెనక్కాయ రకాలిచ్చినా, ఊడ దిగే పూట వాన లేకపోతే చెట్టు కింద కాయ ఉండదు. బోరు ఆరొందల అడుగులకు పోయింది. పెనుకొండ దగ్గర కియా వచ్చింది, ఐటీఐ చదివిన పిల్లోళ్లకు మంచిదే. ఏడో తరగతి మానేసిన ముప్పై లోపు ఆడమనిషికి అందులో చోటెక్కడ? కౌంటరు దగ్గర అధికారికి వీసా కనిపిస్తుంది, ఈ లెక్క కనిపించదు.

అక్క: ఈ లెక్క నాకు నువ్వు చెప్పాలా? నేను వద్దన్నది ఆమె సంపాదన కాదు. ఇంకో లెక్క కూడా వెయ్యి. తల్లి నాలుగేళ్లు రాదు. బిడ్డ పదకొండేళ్లప్పటి నుంచి అవ్వ దగ్గర పెరుగుతుంది. పదహారుకు ఆ పిల్లకు పెళ్లి చేసేస్తారు, తల్లి ఊళ్లో లేదు, ఎవరు చూసుకుంటారు అని. ఆ పిల్ల ఇరవై రెండుకు మళ్లీ కువైట్ దారి పడుతుంది. ఆ అయిదు మండలాల్లో ఇది తరం నుంచి తరానికి నడుస్తోంది. దారి తెరిస్తే ఇది ఇంకా వేగంగా నడుస్తుంది. ముప్పయ్యేళ్ల గీతకు నేను కట్టుబడ్డది అందుకు కూడా. ముప్పై నిండేసరికి పిల్లలు కొంచెం పెద్దవాళ్లవుతారు, ఆమెకు లోకం కొంచెం తెలుస్తుంది.

తమ్ముడు: మొగుడు పోతే ఈ లెక్క ఎవరూ వెయ్యరు. తండ్రి నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉంటే ఇల్లు కట్టాడంటారు, తల్లి పోతే సంసారం చెడిందంటారు. బిడ్డను చూసుకోవాల్సిన భారం మొత్తం తల్లి పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి పెట్టడం నాకు సమ్మతం కాదు.

అక్క: అది నిజమే. పిల్ల పదహారుకు పెళ్లయిపోవడం కూడా అంతే నిజం. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

తమ్ముడు: అయితే ఏజెంటు సంగతికొద్దాం. నువ్వు ఆపాలంటున్నావు కదా, వాణ్ని ఎందుకు ఆపరు? లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే 1983 చట్టంలో రెండేళ్ల జైలు, రెండు వేల రూపాయల జరిమానా. రెండు వేలు! వాడు ఒక్క మనిషి మీద తీసుకునేదాంట్లో చిల్లర. నలభై ఏళ్లుగా ఆ అంకె అట్లే ఉంది. లైసెన్సున్న ఏజెంటు కూడా ముప్పై వేలకు మించి తీసుకోకూడదని నియమం. ఎవరు పాటిస్తున్నారు? మనం పెట్టిన కాపలా అంతా ఆడమనిషి చుట్టూనే.

అక్క: ఇందులో ఇంకో ముడి ఉంది, అది చెప్తా. ఆ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. మోసపోయిన మనిషో, ఆమె తరఫున మొగుడో తల్లిదండ్రులో ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. మరి ఎవరు ఫిర్యాదు చేస్తారు? ఆమె కువైట్‌లో ఉంటుంది. ఏజెంటు చిన్నాయన కొడుకు. కేసు పెడితే ఆమెను తిరిగి రానిచ్చే మనిషి కూడా వాడే. తిరిగొచ్చినాక, పోయింది పోయిందిలే, పరువెందుకు తీసుకోవాలని రాజీ పడతారు. ఊళ్లో కాపలా పెట్టమని నువ్వు అంటావు గానీ, ఊళ్లో ప్రభుత్వం కంటే ఏజెంటుదే పెద్ద ఇల్లు. ఆ దారి మొత్తంలో ప్రభుత్వం ఒంటరిగా, ఏ బంధుత్వం లేకుండా ఆమె ఎదురుగా నిలబడే చోటు ఆ కౌంటరు ఒక్కటే. నేను దాన్ని వదులుకోలేనన్నది అందుకే.

తమ్ముడు: ఇంత స్పష్టంగా దీన్ని నేనెప్పుడూ ఆలోచించలేదు. కానీ ఆ కౌంటరు దగ్గర నిలబడ్డ ప్రభుత్వం ఆమెతో ఏం మాట్లాడాలి? ఇప్పుడు ‘వెనక్కి పో’ అని ఒకటే మాట. ఆపిన మనిషిని అక్కడే కూర్చోబెట్టి, ఎవరు పంపారు, ఎంత తీసుకున్నారు అని రాసుకొని, ఆ ఫిర్యాదును కదిరి స్టేషన్‌కు పంపొచ్చు. కట్టిన డబ్బు తిరిగి ఇప్పించొచ్చు. అప్పుడు నీ కౌంటరును నేను కూడా మోస్తా. ఆమెను ఆపి ఏజెంటును వదిలేసే తనిఖీ నాకొద్దు.

అక్క: దానికి నేను ఇప్పుడే ఒప్పుకుంటున్నా. ఆపడమంటే నాకూ అదే.

తమ్ముడు: ఇంకొకటి. కువైట్ 2018లో క్షమాభిక్ష ఇచ్చింది, జనవరి చివర మొదలై ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. 2024లో మార్చి 17 నుంచి జూన్ చివరి దాకా. రోజుకు రెండు దినార్ల లెక్కన పేరుకున్న జరిమానా మాఫీ చేసి ఇంటికి పొమ్మన్నారు. అన్నిటికంటే నన్ను తొలిచేది 2020 ఏప్రిల్. కరోనా రోజుల్లో, జరిమానా వద్దు, టికెట్ కూడా మేమే కొంటామని కువైట్ అంది. మన ఆడవాళ్లు సంచీ సర్దుకొని శిబిరాలకు వచ్చేశారు. అప్పుడు విమానాలు రానివ్వనిది మనం. ఎండలో, ఆ శిబిరాల్లో సొంత దేశం తలుపు తీస్తుందా అని వారాల తరబడి చూశారు. 1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌లోకి వస్తే, లక్ష మందికి పైగా మనవాళ్లను అమ్మాన్ మీదుగా ఎయిరిండియా తెచ్చింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయిన వాళ్లను కూడా వదలలేదు. తీసుకురావాలనుకుంటే ఈ దేశానికి చేతనవుతుందని అప్పుడే తేలింది.

అక్క: 2020 మాట ఎత్తితే నేను తలెత్తలేను. కానీ ఒకటి అడుగుతా. ప్రతి రెండు మూడేళ్లకూ క్షమాభిక్ష వస్తుందని తెలిస్తే, సరైన వీసా మీద పోవాల్సిన పనేముంది అని ఏజెంటు చెప్పడా? చెప్తున్నాడు కూడా. ‘పోతే పోయింది, క్షమాభిక్షలో వచ్చేయొచ్చు’ అని. నియమం పాటించి మూడేళ్లు కాచుకున్న ఆడమనిషి ముఖం చూసి నువ్వేం చెప్తావు? పైగా కాగితం లేని మనిషి తక్కువ జీతానికి ఒప్పుకుంటుంది. ఆ తక్కువ జీతమే చూపించి కాగితమున్న మనిషిని కూడా దించుతారు.

తమ్ముడు: అది నిజం. దానికి జవాబు కావాలంటే ముప్పయ్యేళ్ల గీత ఎత్తేసి, కదిరిలోనే ఓమ్‌క్యాప్ ఆఫీసు పెట్టాలి. నియమం పాటించే దారి దగ్గర్లో ఉంటే దొంగదారికి ఎవరు పోతారు?

అక్క: ముందు ఆఫీసు పెట్టనీ. శిక్షణ, భాష, ఎంబసీ ఫోను నంబరు ఆమె నోటికి రావడం, ఏజెంటు మీద కేసులు పడటం, ఇవన్నీ ఒక రెండేళ్లు నడవనీ. అప్పుడు గీత ఎత్తేద్దాం, నేనే సంతకం పెడతా. ఇప్పుడే ఎత్తేస్తే లాభపడేది ఆ ఏజెంటే. ఇన్నాళ్లూ దొంగతనంగా పంపిన ఇరవై రెండేళ్ల పిల్లను రేపు దర్జాగా పంపుతాడు.

తమ్ముడు: గీత ఉన్నంత కాలం ఆ ఆఫీసుకు ఎవరొస్తారక్కా? కువైట్ పోయేవాళ్లలో ముప్పై లోపు వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను గుమ్మం దగ్గరే వద్దనే ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. రెండేళ్ల తర్వాత, చూశారా, ఎవరూ రాలేదు, గిరాకీ లేదని మూసేస్తారు. ఆ రెండేళ్లలో పోయే ఆడవాళ్లు మాత్రం పోతూనే ఉంటారు, ఏ ఆఫీసు లెక్కలోకీ రాకుండా.

అక్క: గీత ఎత్తేసిన మొదటి ఏడాదే ఒక పిల్ల పెట్టెలో తిరిగొస్తే?

తమ్ముడు: అప్పుడు ఆమె పేరు, ఆ ఇంటి చిరునామా మన దగ్గర ఉంటాయి. నువ్వూ నేనూ ఎవరి మీద కేసు పెట్టాలో తెలుస్తుంది.

అక్క: కేసుతో నాకు ఆ పిల్ల రాదు, అబ్బీ.

తమ్ముడు: రాదు. ఇప్పుడు పోతున్నవాళ్ల పేర్లు కూడా మన దగ్గర లేవు.